ఒకే దేహం మీద అన్ని ముప్పులూ

2015 నవంబరు 26. దేశం తొలిసారి అధికారికంగా రాజ్యాంగ దినోత్సవం జరుపుకున్న రోజు. అదే రోజు కేరళలోని కోళికోడ్ నగరంలో మురుగునీటి మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ఊపిరాడక మరణించారు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకొని వెళ్లినవారు. వారిని కాపాడేందుకు దిగిన స్థానిక ఆటో డ్రైవరు కూడా తిరిగి రాలేదు. మరుసటి ఏడాది ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్‌లోని అయ్యప్ప సొసైటీలో ఒకే మ్యాన్‌హోల్ నలుగురిని బలి తీసుకుంది. అక్కడ కూడా కాపాడబోయిన మనిషి ప్రాణం పోయింది. 2021 ఆగస్టులో నగర శివారు సాహెబ్‌నగర్‌లో రాత్రివేళ దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ప్రాణాలతో బయటికి రాలేదు.

ఇలాంటి ప్రతి మరణం తర్వాత మనం చదివే వాక్యం ఒక్కటే: విషవాయువులు పీల్చి కార్మికుల మృతి. ఆ వాక్యం అబద్ధం కాదు, కానీ అసంపూర్ణం. చంపింది వాయువే అని తేల్చిన క్షణంలో మిగిలిన కారణాలన్నీ విచారణ నుంచి తప్పించుకుంటాయి. చీకటి, ఉక్క, అలసట, లేని తాడు, రాని పర్యవేక్షకుడు, రోజుకూలి, ఉపకాంట్రాక్టు, కాదనలేని నిస్సహాయత, ఆ మనిషిని తరతరాలుగా ఆ గుంత అంచుకు తెచ్చి నిలబెట్టిన కులం, ఇవేవీ పంచనామాలో కనిపించవు. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసి చేసే హానిని లెక్కించడం ఎలా, తగ్గించడం ఎలా అన్నదే ఈ వ్యాసం విషయం.

మొత్తం వేసే గడి లేదు

నేను బోధించే తరగతిలో ఏటా ఒక అభ్యాసం ఇస్తాను. ఏదైనా ఒక పనిని ఎంచుకొని అందులోని ముప్పులను వరుసగా రాసి, ఒక్కోదానికి అంకె వేయమంటాను. భద్రతా నిపుణులు పరిశ్రమల్లో వాడే పద్ధతే అది. ప్రమాదం జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె, జరిగితే కలిగే హాని తీవ్రతకు మరొక అంకె. రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేది ఆ ముప్పు స్థాయి. ఒక సంవత్సరం మ్యాన్‌హోల్ పనిని ఎంచుకున్న విద్యార్థి పద్దెనిమిది వరుసలు నింపి, కాగితం చివర ఒక ప్రశ్న రాశాడు: ‘ఇవన్నీ ఒకే మనిషి మీదికి ఒకే గంటలో వస్తే మొత్తం ఎక్కడ వేయాలి సార్?’ ఆ పట్టికలో మొత్తం వేసే గడి లేదు. ఆ ప్రశ్నకు ఆ రోజు నేను ఇచ్చిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు.

పారిశ్రామిక ఆరోగ్యశాస్త్రం ఈ ప్రశ్నకు కొంతవరకు జవాబు చెప్పింది. ఒకే అవయవాన్ని ఒకే తీరుగా దెబ్బతీసే రెండు రసాయనాలు గాలిలో కలిసి ఉన్నప్పుడు, ఒక్కోదాని మోతాదును దాని అనుమతించిన పరిమితితో భాగించి, వచ్చిన భాగాలను కూడాలి. మొత్తం ఒకటి దాటితే పరిమితి దాటినట్టే. మొదటిది తన పరిమితిలో 60 శాతం, రెండవది తన పరిమితిలో 60 శాతం ఉన్నాయనుకుందాం. విడివిడిగా చూస్తే రెండూ నిబంధనకు లోబడినవే. కలిపి చూస్తే 120 శాతం. తనిఖీ అధికారి రెండు గడుల్లోనూ ‘సురక్షితం’ అని రాసిన చోట కార్మికుడు ప్రమాదంలో ఉంటాడు.

మురుగు గుంతలో వ్యవహారం ఈ సాధారణ కూడికను కూడా దాటిపోతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 20.9 శాతం. అది 19.5 శాతం కంటే తగ్గిన చోటును ఆక్సిజన్ కొరత ఉన్న చోటుగా భద్రతా ప్రమాణాలు పరిగణిస్తాయి. మీథేన్ తనంతట తాను విషం కాదు. అది గాలిలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. గాలిలో దాని పాలు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక నిప్పురవ్వకే పేలుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ చేసే పని వేరు. దేహంలోని కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అది అడ్డుకుంటుంది. ఒక వాయువు బయట ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, మరొకటి లోపలికి చేరిన కాస్త ఆక్సిజన్‌ను కూడా పనికిరాకుండా చేస్తుంది. పైగా ఉక్కలో వంగి పూడిక ఎత్తే మనిషి, కూర్చున్న మనిషి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. గాలిలో విషం అంతే ఉన్నా దేహంలోకి చేరే మోతాదు పెరుగుతుంది. వేడికి, శ్రమకు పట్టికలో విడిగా వేసిన అంకెలు ఈ సంగతి చెప్పవు.

అనుభవం కాపాడుతుందన్న నమ్మకమూ ఇక్కడ పనిచేయదు. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన కోడిగుడ్డు వాసన ఉంటుంది. గాలిలో పది లక్షల పాళ్లకు దాదాపు వంద పాళ్లకు చేరేసరికి ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. వాసన తగ్గింది కదా అని దిగే క్షణమే అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఏడు వందల పాళ్లు దాటితే కొద్ది శ్వాసల్లోనే స్పృహ తప్పవచ్చు. వెలిగించిన దీపాన్ని లోపలికి దింపి చూసే పాత అలవాటు ఆక్సిజన్ సంగతి కొంత చెబుతుందేమో గానీ హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి చెప్పదు. మీథేన్ ఉంటే ఆ దీపమే పేలుడుకు కారణమవుతుంది. మూత తెరిచి పైనుంచి మీటరుతో కొలిచినా సరిపోదు. కదలని బురదలో చిక్కుకొని ఉన్న వాయువు పార దించి కెలికినప్పుడే పైకి లేస్తుంది. పని మొదలుకాక ముందు ‘సురక్షితం’ అని చూపిన గుంత పని మొదలైన ఐదు నిమిషాలకు మృత్యుకుహరం కావచ్చు.

ఒక ముప్పుకు వేసిన మందు మరో ముప్పును పెంచడం ఇంకొక చిక్కు. ముఖానికి కట్టే గుడ్డ మాస్కు గానీ, వాయువును వడగట్టే మాస్కు గానీ ఆక్సిజన్‌ను పుట్టించలేవు. ఆక్సిజన్ లేని చోట అవి ఇచ్చేది ధైర్యమే తప్ప శ్వాస కాదు. అక్కడ కావలసింది బయటి నుంచి గొట్టం ద్వారా వచ్చే గాలి లేదా వీపున మోసే గాలి సిలిండరు. ఒళ్లంతా కప్పే రబ్బరు సూటు చర్మాన్ని కాపాడుతుంది గానీ మన వేసవిలో దేహాన్ని ఉడికిస్తుంది. ‘ఇచ్చిన సామగ్రి వాళ్లే వాడరు’ అనే ఫిర్యాదు మనకు తరచూ వినిపిస్తుంది. ఆ సూటు తొడుక్కొని మే నెలలో ఒక గంట పూడిక తీసి చూసినవారు ఆ ఫిర్యాదు చేయరు.

గుంతకు ముందు, గుంతకు తర్వాత

ముప్పుల కూడిక గుంతలోనే మొదలై గుంతలోనే ముగియదు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో సోకే లెప్టోస్పైరోసిస్, పచ్చకామెర్లు, విరేచనాలు, గాజుపెంకు గీరుకుంటే వచ్చే ధనుర్వాతం, మానని చర్మరోగాలు, ఏళ్ల తరబడి పేరుకునే శ్వాసకోశ వ్యాధులు వీరి జీవితంలో భాగం. అలా బలహీనపడిన ఊపిరితిత్తులతోనే వారు మళ్లీ గుంతలోకి దిగుతారు. పరిమితులను నిర్ణయించిన ప్రమాణాలన్నీ ఆరోగ్యవంతుడైన కార్మికుణ్ని, ఎనిమిది గంటల పనిదినాన్ని, ఆ తర్వాత శుభ్రమైన ఇంట్లో దొరికే విశ్రాంతిని ఊహించుకొని రాసినవి. పని ముగించుకొని మురుగు కాలువ పక్కనే ఉన్న ఒంటిగది ఇంటికి చేరి, అక్కడి గాలినే పీల్చి, అక్కడి నీళ్లనే తాగే మనిషిని ఆ ప్రమాణాలు ఊహించలేదు.

ఇక మద్యం. తాగి దిగాడు కాబట్టి చచ్చాడనే మాట బాధితుణ్నే దోషిగా నిలబెడుతుంది. మద్యం మెలకువను మందగింపజేస్తుంది, ఒంట్లో నీటిని హరిస్తుంది. ఇందులో సందేహం లేదు. కానీ ఆ దుర్గంధంలోకి మామూలు స్పృహతో దిగడం మనిషికి సాధ్యమయ్యే పనేనా అన్నది దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న. పని స్వభావమే పుట్టించిన అలవాటును కార్మికుడి స్వభావంగా చిత్రించడం కులదృష్టికి కొత్త కాదు.

కులం మరొక వరుస కాదు

ఈ చర్చలో కులాన్ని ప్రస్తావించగానే, భద్రత సాంకేతిక విషయం కదా, కులం ఎందుకు అని అడిగేవారుంటారు. కులాన్ని పందొమ్మిదో ముప్పుగా పట్టికలో చేర్చమని నేను అడగడం లేదు. విడివిడిగా ఉండవలసిన పద్దెనిమిది ముప్పులను ఒకే దేహం మీద పోగుచేసే శక్తి కులం. కులం కేవలం శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936 నాటి ‘కుల నిర్మూలన’లో వాదించారు. ఆ వాదనను భద్రతాశాస్త్రం భాషలోకి తెస్తే, ఈ సమాజంలో ముప్పుల పంపిణీకి కూడా కులమే ప్రాతిపదిక అవుతుంది.

ఇందుకు ప్రభుత్వ లెక్కలే సాక్ష్యం. కేంద్రం ‘నమస్తే’ పథకం కింద 2024 నాటికి వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికులలో 68.9 శాతం దళితులు, 14.7 శాతం ఓబీసీలు, 8.3 శాతం ఆదివాసీలు. మిగిలిన కులాలన్నీ కలిపి 8 శాతం. ఇప్పుడు అన్ని కులాలవారూ ఈ పని చేస్తున్నారు అనే వాదనకు ఈ అంకెలే సమాధానం. ఉత్తరాంధ్ర మున్సిపాలిటీలలో రెల్లి కులస్థులు, ఇతర ప్రాంతాల్లో మాదిగలు, మెహతర్లు తరతరాలుగా చీపురుకు, పారకు కట్టుబడి ఉండటం యాదృచ్ఛికం కాదు. కేంద్ర ప్రభుత్వమే చేయించిన సామాజిక తనిఖీలో 2022, 2023 సంవత్సరాల్లో జరిగిన 54 మరణాలను పరిశీలిస్తే, 49 ఘటనల్లో మృతుల ఒంటి మీద ఏ రక్షణ సామగ్రీ లేదని తేలింది.

దేశానికి ఈ ప్రమాదం తెలియక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 36వ సెక్షన్, ప్రమాదకర వాయువులు ఉండగల తొట్టెలు, గుంతలు, గొట్టాల్లోకి మనిషి దిగడం గురించి స్పష్టంగా చెప్పింది. వాయువును తొలగించే చర్యలన్నీ ముందే తీసుకోవాలి. అర్హుడైన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదా దిగే మనిషికి శ్వాస పరికరం ఉండాలి, నడుముకు బెల్టు, దానికి తాడు, ఆ తాడు రెండో కొస బయటి మనిషి చేతిలో ఉండాలి. స్వతంత్ర భారతం తొలి ఏళ్లలోనే ఈ జ్ఞానం శాసనమైంది. ఫ్యాక్టరీ గోడ లోపలి గుంతకు వర్తించిన ఆ జ్ఞానం, వీధి మధ్యలోని గుంతకు చేరడానికి ఎందుకు దశాబ్దాలు పట్టింది? గుంతలోని వాయువు ఒకటే. మారింది దిగే మనిషి మీద సమాజానికి ఉన్న దృష్టి.

2013లో వచ్చిన పాకీపని నిషేధ, పునరావాస చట్టం ఈ అన్యాయాన్ని సరిచేయడానికి చేసిన ప్రయత్నమే. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనకు అండగా నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ వంటివారు సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా సాగించిన పోరాటం దాని వెనుక ఉంది. అయితే ఆ చట్టంలో ఒక పగులు మిగిలిపోయింది. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషితో మురుగు శుభ్రం చేయించడాన్నే అది ప్రమాదకర శుభ్రతగా నిర్వచించి నిషేధించింది. దాని నిబంధనలు రక్షణ సామగ్రికి పొడవైన జాబితా ఇచ్చాయి. ఆచరణలో దాని అర్థం ఏమైంది? చేతికి రెండు గ్లోవ్స్ ఇస్తే చట్టం నోరు మూతపడుతుందని కాంట్రాక్టరు నేర్చుకున్నాడు.

భద్రతాశాస్త్రంలో ముప్పును తగ్గించే చర్యలకు ఒక వరుసక్రమం ఉంది. మొదట ముప్పునే తొలగించాలి. వీలుకాకపోతే పని పద్ధతిని మార్చాలి. తర్వాత యంత్రాలతో మనిషికీ ముప్పుకూ మధ్య దూరం పెంచాలి. ఆ తర్వాత శిక్షణ, అనుమతులు, పనివేళల నియంత్రణ. ఇవన్నీ అయ్యాకే ఒంటి మీద వేసుకునే సామగ్రి. అన్నిటికంటే బలహీనమైన రక్షణ కాబట్టే అది చివర ఉంటుంది. పారిశుద్ధ్య కార్మికుల విషయంలో మన వ్యవస్థ ఈ మెట్లను తలకిందులు చేసింది. చివరి మెట్టుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. యంత్రం కంటే మనిషి చవక అయినచోట మొదటి మెట్టు ఎక్కవలసిన అవసరం ఎవరికీ కనబడదు. ఆ మనిషిని అంత చవక చేసింది మార్కెట్ ఒక్కటే కాదు.

ఏం చేయాలి

మొదటిది, అంచనా మనిషి నుంచి మొదలుకావాలి. ఏ ముప్పు ఎంత అని అడిగే పట్టికతో పాటు, ఈ గంటలో ఈ మనిషి మీద ఎన్ని ముప్పులు కలిసి పడుతున్నాయి అని అడిగే పట్టిక కావాలి. ఒకదాన్నొకటి పెంచే ముప్పులను జతలుగా గుర్తించాలి. ఎండ, రబ్బరు సూటు ఒక జత. కదిలిన బురద, ముందుగా తీసిన మీటరు కొలత ఒక జత. రాత్రివేళ, ఒంటరి పని ఒక జత. ఇలాంటి జతల్లో ఒక్కటి కనిపించినా మిగిలిన అంకెలతో పనిలేకుండా పని ఆపాలి. వాయువులను పైన, నడుమ, అడుగున మూడు చోట్ల కొలవాలి. పని సాగినంతసేపూ కొలుస్తూనే ఉండాలి.

రెండవది, గుంతలోకి మనిషి దిగకపోవడమే నియమం కావాలి. దిగవలసి రావడం అత్యంత అరుదైన మినహాయింపు కావాలి, దానికి సంతకం చేసిన అధికారి పేరు అక్కడే బోర్డు మీద ఉండాలి. సుప్రీంకోర్టు 2025 జనవరి 29న హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు శుభ్రం చేయించడాన్ని నిలిపివేయాలని ఆదేశించింది. ఇరుకు సందుల్లోకి యంత్రాలు పోలేవన్న సాకు హైదరాబాద్‌లో చెల్లదు. 2017లో జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను ఇందుకోసమే రంగంలోకి దించింది. సంకల్పం ఉంటే యంత్రం సందులోకి పోతుందనీ, దాని యాజమాన్యం దళితుల చేతికి రాగలదనీ ఆ ప్రయత్నం చూపింది. అపార్టుమెంట్లు, హోటళ్లు, చిన్న పట్టణాల సెప్టిక్ ట్యాంకులే ఇంకా యంత్రానికి అందని చోట్లు. మున్సిపాలిటీల దృష్టి ముందుగా అక్కడికి మళ్లాలి.

మూడవది, ఎవరూ దిగకుండానే కాపాడే ఏర్పాటు ఉండాలి. మూసుకున్న చోట్లలో మరణించేవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1986లోనే హెచ్చరించింది. కోళికోడ్, మాదాపూర్ ఘటనలు ఆ హెచ్చరికకు మన దేశపు ఉదాహరణలు. గుంత మీద ముక్కాలి స్టాండు, దానికి చేతితో తిప్పే గిలక, మనిషికి కట్టిన పట్టీ ఉంటే పైనున్నవారు పైనుంచే లాగగలరు. అవి లేకుండా మూత తెరవడమే నేరంగా పరిగణించాలి.

నాల్గవది, పని చేయించుకున్న సంస్థే బాధ్యత వహించాలి. ఎన్ని అంచెల కాంట్రాక్టులున్నా చివరి అంచెలోని మేస్త్రీని అరెస్టు చేసి కేసు ముగించకూడదు. ఇలాంటి మరణాలను కేవలం నిర్లక్ష్యం వల్ల జరిగినవిగా నమోదు చేసే అలవాటు పోవాలి. 2013 చట్టంతో పాటు, 2015 సవరణతో పాకీపని చేయించడాన్ని నేరంగా చేర్చుకున్న ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఎఫ్ఐఆర్‌లో ఉండాలి. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారాన్ని నిర్దేశించింది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరగడం అవసరమే. శిక్ష లేని చోట మాత్రం అది మరణానికి ధరగా మిగిలిపోతుంది.

ఐదవది, కూలి పోకుండా కాదనే హక్కు ఉండాలి. ముప్పును అందరికంటే ముందు పసిగట్టేది గుంత అంచున నిలబడ్డ కార్మికుడే. నేను దిగను అని అతడు అంటే ఆ పూట కూలి, రేపటి పని రెండూ పోతాయి. ఆ భయం తొలగకపోతే ఏ మీటరూ పనిచేయదు. ఉద్యోగ భద్రత, సంఘం పెట్టుకునే హక్కు, ఏటా వైద్య పరీక్ష, పిల్లల చదువు సంక్షేమ శాఖ జాబితాలోని అంశాలు మాత్రమే కావు. అవి నేరుగా ప్రాణరక్షణ సామగ్రి.

విద్యార్థి మిత్రులు, రాజకీయ కార్యకర్తలు ఇందులో చేయగలిగిన పని ఉంది. మీ విశ్వవిద్యాలయ హాస్టలు సెప్టిక్ ట్యాంకును, మీ పార్టీ కార్యాలయం ముందరి మ్యాన్‌హోల్‌ను ఎవరు శుభ్రం చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో అడగండి. సమాచార హక్కు కింద మీ మున్సిపాలిటీ ఎన్ని వాయు మీటర్లు, ఎన్ని ముక్కాలి స్టాండ్లు కొన్నదో, గత ఏడాది ఎన్ని ప్రవేశ అనుమతులు జారీ చేసిందో దరఖాస్తు చేయండి. అనుమతులు సున్నా అని జవాబు వస్తే సంతోషపడేముందు, మరి దిగినవారు ఎవరి అనుమతితో దిగారని మరో దరఖాస్తు పెట్టండి.

కోళికోడ్ మరణాలు కలచివేయగా కేరళ యువ ఇంజినీర్లు కొందరు మ్యాన్‌హోల్‌లోకి దిగే రోబోను తయారుచేశారు. 2018లో అది తిరువనంతపురంలో పనిలోకి వచ్చింది. మనిషి బదులు దిగగల యంత్రం ఆనాటి నుంచీ ఈ దేశంలో ఉంది. దాన్ని కొనడమా, మరో మనిషిని దించడమా అన్నది సాంకేతిక నిర్ణయం కాదు. నా విద్యార్థి అడిగిన ‘మొత్తం’ గడిలో మనం ఇంతకాలం ఒక కులం పేరు రాసి ఊరుకున్నాం. ఇకపై అక్కడ బాధ్యుడైన అధికారి పేరు, చెల్లించిన యంత్రం ధర రాయాలి.